బ్యాంకు మూలధనము – పాత వాటాదారుని పాలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలలో కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో ప్రసంగము జరుగుట వాడుక. రజతోత్సవమునాడు బ్యాంకుల లెక్క లేమిటని కొందరికి తోచవచ్చును. అయితే ప్రొద్దున ఈ గ్రంథాలయమున వార్తాపత్రిక విప్పినవారి కన్నులు షేరు ధరల పుటమీద ఎంతసేపు నిలుచునో పఠన మందిరమున కూర్చున్న వారందరికిని తెలియును. సూర్యాపేటలోని దుకాణదారునికిని, కోదాడలోని ఉపాధ్యాయునికిని, మిర్యాలగూడలోని బియ్యపు మిల్లు గుమాస్తాకును ఏదో ఒక బ్యాంకు షేరు ఉండుట ఈ కాలమున వింత కాదు. ఆ బ్యాంకు చిక్కులలో పడినదనియు, ప్రభుత్వమో మరియొక బ్యాంకో మూలధన మిచ్చి దానిని నిలబెట్టుచున్నదనియు వార్త వచ్చినపుడు, షేరుదారుడు సంతోషించును. బ్యాంకు బ్రతికినది గదా, తన సొమ్మును బ్రతికినదని ఆతని తలపు. కొన్నాళ్లకు లెక్క చూచుకొనగా బ్యాంకు నిలిచియే యున్నది గాని, అందులో తన పాలు మాత్రము పదింట ఒకటై యుండును. ఇది ఎట్లు జరిగినది? ఎవరు తీసికొనిరి? ఈ ప్రశ్నయే నేటి ప్రసంగ విషయము.

“బ్యాంకులో డబ్బున్నది” అను ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలగలసి యున్నవి. డిపాజిటు బ్యాంకునకు ఇచ్చిన అప్పు. గడువు తీరగానే వడ్డీతో తిరిగి అడుగుటకు హక్కు కలదు. షేరు అప్పు కాదు, పొత్తు. గ్రంథాలయ చందాదారులకు ఈ భేదము చేరువలోనే కనబడును. పుస్తకము ఇంటికి తీసికొనిపోవుటకు కట్టిన ధరావతు సభ్యత్వము చాలించుకొన్ననాడు తిరిగి వచ్చును. భవనమునకు ఇచ్చిన విరాళము తిరిగి రాదు. షేరు ఈ రెంటి నడుమ నున్నది. బ్యాంకు దానిని తిరిగి ఇయ్యదు. కొనువాడు దొరికిన అమ్ముకొనవచ్చును. లాభము వచ్చిన పంచుకొనవచ్చును, నష్టము వచ్చిన అందరికంటె ముందుగా భరింపవలెను. డిపాజిటునకు ప్రభుత్వ సంస్థ బీమా కలదు. 1960లో కేరళలోని పాలాయి సెంట్రల్ బ్యాంకు కూలిన పిమ్మట, 1962 జనవరి 1వ తేదీన ఆ బీమా మొదలైనది. నాడు మనిషికి 1,500 రూపాయలు, 1993 నుండి లక్ష, 2020 ఫిబ్రవరి 4 నుండి 5 లక్షలు. షేరునకు అట్టి బీమా నాడును లేదు, నేడును లేదు.

ఇది పాశ్చాత్యులు కనిపెట్టిన నీతి అనుకొనుట పొరబాటు. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను తెలుగు చేసి ‘విజ్ఞానేశ్వరీయము’ రచించెను. పద్యములలో వ్యాజ్యెముల శాస్త్రము చెప్పిన గ్రంథ మది. కథాకావ్యముల నడుమ దానిని తీసి చదువువారు తక్కువ. ధర్మశాస్త్రములు చెప్పిన పదునెనిమిది వ్యవహార పదములలో ‘సంభూయ సముత్థానము’ ఒకటి, అనగా పలువురు కూడి పెట్టుబడి పెట్టి చేయు వ్యాపారము. అట్టివారు లాభమునైనను నష్టమునైనను పెట్టిన ధనమును బట్టియో, ముందు చేసికొన్న ఒడంబడికను బట్టియో పంచుకొనవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. నేటి కంపెనీ చట్టము దీనికి ఒక్క మెలిక చేర్చినది. షేరు సొమ్ము పూర్తిగా కట్టినవాడు అంతకు మించి తన గొడ్డును గోదను అమ్మి కట్టనక్కరలేదు. పెట్టినది పోవచ్చును, పెట్టనిది పోదు.

ఇక పాలు పలుచబడుట ఎట్లో చూడవలెను. మిర్యాలగూడలో పదిమంది తలకొక లక్ష చొప్పున 10 లక్షలు వేసి ఒక బియ్యపు మిల్లు పెట్టిరనుకొనుడు. పది వాటాలు. అరువుమీద బియ్యము పంపిన చోట 6 లక్షలు మునిగిపోయెను. ఖాతా పుస్తకములో ఇంకను 10 లక్షలు కనబడుచున్నవి గాని, నిజమున మిగిలినది 4 లక్షలు. తలకు 40 వేలు. మిల్లు మరల తిరుగవలెనన్న 6 లక్షలు కావలెను. కొత్తవాడు ఒకడు సొమ్ముతో వచ్చెను. వాటా ఏ ధరకు ఇయ్యవలెను?

పాతవారు, “మేము లక్ష పెట్టినాము, నీవును లక్షయే పెట్టుము” అందురు. అట్లయిన ఆతనికి ఆరు వాటాలు వచ్చును. మిల్లు విలువ 10 లక్షలు, వాటాలు పదునారు, ఒక్కొక్కటి 62,500. లక్ష పెట్టి 62,500 కొనువాడు లోకములో ఎవడును ఉండడు. నిజమైన విలువ 40 వేలకు ఇచ్చిన ఆతనికి పదునైదు వాటాలు వచ్చును. మొత్తము వాటాలు ఇరువదియైదు. నిన్నటివరకు మిల్లంతయు తమదే యనుకొన్న పదిమందికి ఇప్పుడు నూటికి 40 పాళ్లే. అయితే ఒక్కొక్క వాటా విలువ మునుపటివలెనే 40 వేలు. పాతవారి సొమ్ము ఇక్కడ ఎవరును తీసికొనలేదు. పోయినది అరువు మునిగిననాడే పోయినది. ఆనాడు ఎవరును లెక్కలో వ్రాయలేదు, ఈనాడు కొత్తవాడు వచ్చి వ్రాయించెను. పాలు పలుచబడినదని వగచువారిలో పెక్కుమంది నిజమునకు వగవవలసినది ఆ మునుపటి దినమును గూర్చి.

కాని కథ ఎల్లప్పుడును ఇంత న్యాయముగా నడువదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్లు, మిల్లు మూతపడు వేళ కొత్తవాడు బిగించి కూర్చుండును. “వాటా 20 వేలకైననే వత్తును” అనును. 6 లక్షలకు ముప్పది వాటాలు. మొత్తము నలువది, విలువ 10 లక్షలు, ఒక్కొక్కటి 25 వేలు. పాతవాని 40 వేలు 25 వేలాయెను, తలకు 15 వేలు కొత్తవాని సంచిలోనికి జారెను. ఇది నిజముగా పాతవాని నష్టము. కొత్తవానిని మాత్రము దొంగ యనుట తగదు. మునిగినది 6 లక్షలే యని పాతవారు చెప్పుచున్నారు, 8 లక్షలై యుండునేమో యని ఆతని భయము. దాచిన లెక్కకు వెల కట్టి ఆతడు ధర తగ్గించెను.

దీనికి ఒక మందు కలదు. అదే 20 వేల ధరకు ఆ ముప్పది వాటాలను పాత పదిమందికే తలకు మూడేసి ఇచ్చిన ఏమగును? ఒక్కొక్కడు 60 వేలు పెట్టును, నాలుగు వాటాలు పొందును, వాని విలువ లక్ష. తన 40 వేలును, కొత్తగా పెట్టిన 60 వేలును చెక్కు చెదరక ఉన్నవి. ధర ఎంత తక్కువయైనను పాతవానికి నష్టము లేదు. హక్కు షేర్లు అని బ్యాంకులు పత్రములు పంపునది ఇందుకే. అయితే ఆ 60 వేలు ఇంట లేనివాని సంగతి యేమి? పదిమందిలో తొమ్మండుగురు కట్టి, ఒకడు కట్టలేకపోయిన, ఆ ఒకని పాలు మాత్రమే కరగిపోవును. కష్టకాలమున మూలధన సేకరణ పేదవాటాదారునిమీద ఎక్కువ బరువు మోపునది ఇక్కడనే.

మిల్లునకును బ్యాంకునకును ఒక గొప్ప భేదము కలదు. మిల్లు ముఖ్యముగా తన సొమ్ముతో తిరుగును, బ్యాంకు పరుల సొమ్ముతో తిరుగును. అప్పుల ప్రమాదమును బట్టి లెక్కకట్టిన 100 రూపాయలకు సొంత మూలధనము కనీసము 9 రూపాయలుండవలెనని రిజర్వు బ్యాంకు నియమము. కావున నూటికి పది మొండివడినచో వాటాదారుల ధన మంతయు హరించుకొనిపోయినట్లే. అందువలన బ్యాంకు మూలధనము వెదకునది తీరికగా కాదు, మెడమీద కత్తి యున్నప్పుడే.

తెలుగువారికి ఇందులో మిక్కిలి దగ్గరి దృష్టాంతము ఆంధ్రా బ్యాంకు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో మచిలీపట్నమున దానిని స్థాపించిరి. చెల్లించిన మూలధనము ఒక లక్ష రూపాయలు. 1980 ఏప్రిలు 15న అది జాతీయమైనది. 2001లో 10 రూపాయల షేరును 10 రూపాయలకే ప్రజలకు అమ్మినది. 2006లో మరల అమ్మినప్పుడు ధర 90 రూపాయలు. మొదట కొన్నవారు ఏండ్ల తరబడి లాభాంశము పొందిరి, ఆ మాటయు చెప్పవలెను. ఆ తరువాత పెద్ద పెద్ద కంపెనీల అప్పులు మొండివడెను. 2017–18లో 3,400 కోట్లకు పైగా, 2018–19లో 2,700 కోట్లకు పైగా నష్టము వచ్చెను. కేంద్ర ప్రభుత్వము 2018 జనవరిలో 1,890 కోట్లు, జూలైలో 2,019 కోట్లు, 2019 ఫిబ్రవరిలో 3,256 కోట్లు కేటాయించెను. కలిపి 7,165 కోట్లు. ఈ సొమ్ము దానము కాదు. దానికి మారుగా ప్రభుత్వము కొత్త షేర్లు వ్రాయించుకొన్నది. 2017 నాటికి 60 చిల్లరగా నున్న ప్రభుత్వ శాతము 80 దాటిపోయెను. ప్రజల చేతిలోని షేర్ల సంఖ్య తగ్గలేదు, వాని పాలు తగ్గెను. ఆ సొమ్ము రాకున్న షేరుదారునికి మిగిలెడిది ఇంకను తక్కువ. అయినను 2006లో 90 రూపాయలకు కొన్న రైతునకు ఈ మాట ఓదార్పు కాజాలదు. 2020 ఏప్రిలు 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది. 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చిరి. ప్రభుత్వము పెట్టిన ధనమునకు వెల నియమముల ప్రకారము విపణి ధరను అనుసరించియే కట్టిరి గావున, పైన చెప్పిన బియ్యపు మిల్లులో 20 వేల ధర వంటి దోపిడి ఇచట లేదు. మునిగిన అప్పులే ఇచట అసలు కారణము.

ఆంధ్రా బ్యాంకు విలీనమైన ఆ ఏడే, బొంబాయిలోని యెస్ బ్యాంకు కథ ఈ లెక్కను పలక మీద వ్రాసి చూపినట్లు నడచినది. అది ప్రైవేటు బ్యాంకు, పట్టణములలోనే గాక పల్లెలలోను దాని షేరు కొన్నవారు కలరు. 2018 ఆగస్టులో ఆ షేరు 400 రూపాయల దరిదాపుల పలికెను. 2020 మార్చి 5న రిజర్వు బ్యాంకు దానిమీద నిలుపుదల విధించి, డిపాజిటుదారుడు 50 వేలకు మించి తీయరాదనెను. భారతీయ స్టేటు బ్యాంకు 6,050 కోట్లును, మరి యేడు ఆర్థిక సంస్థలు మిగిలినదియు, మొత్తము 10,000 కోట్లు పెట్టెను. షేరు ధర 10 రూపాయలు. అనగా కొత్త షేర్లు 1,000 కోట్లు. పాతవి 255 కోట్లు. బ్యాంకంతయు తమదైన పాతవారికి రాత్రికి రాత్రి మిగిలినది అయిదింట ఒక పాలు. మార్చి 18న డిపాజిటుదారులు స్వేచ్ఛగా సొమ్ము తీసికొనగలిగిరి. జూలైలో బ్యాంకు మరల 12 రూపాయల చొప్పున 15,000 కోట్లకు షేర్లు అమ్మెను. మరి 1,250 కోట్ల షేర్లు. మొత్తము 2,505 కోట్లు. ఈ అమ్మకములో మరల కొననివారి పాలు ఇప్పుడు పదింట ఒకటి. పైగా నూరు షేర్లకు మించి కలవారు వానిలో నూటికి 75 మూడేండ్ల వరకు అమ్మరాదని కట్టడి. ధర బాగుగ నున్ననాడు అమ్ముకొనుటకు వీలు లేక చూచుచు కూర్చున్నవారి కోపము సహేతుకమే. బ్యాంకును నిలుపుట కొరకు ఇట్టి కట్టుబాటు అవసరమని అధికారులు తలచిరి. దాని బరువు మాత్రము నిర్ణయములో పాలు లేనివారి మీద పడెను.

పదింట ఒక పాలైనను మిగిలినవాడు అదృష్టవంతుడే యనుటకు హైదరాబాదులోనే నిదర్శనము కలదు. 1994లో జంటనగరములు కేంద్రముగా గ్లోబల్ ట్రస్టు బ్యాంకు ఆరంభమైనపుడు దాని షేర్లకై జనము ఎగబడిరి. అమ్మకమునకు పెట్టిన దానికి అనేక రెట్లు దరఖాస్తులు వచ్చెను. తెలుగునాట పుట్టిన బ్యాంకు అను అభిమానము కొంత, అందరును కొనుచున్నారను మోజు కొంత. షేరు విపణిలో ఆటలాడినవారికి ఇచ్చిన అప్పులు 2001లో ఆ విపణి కూలినపుడు బ్యాంకు మెడకు చుట్టుకొన్నవి. యూటీఐ బ్యాంకుతో కలియవలెనన్న ఏర్పాటు ఆ సంవత్సరమే విరమింపబడెను. కొత్త మూలధనము సకాలమున దొరకలేదు. 2004 జూలై 24న నిలుపుదల. పదివేలకు మించి తీయరాదు. ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్సులో విలీనము. డిపాజిటుదారుల సొమ్ము రూపాయి పోకుండ దక్కినది. వాటాదారునికి కొత్త బ్యాంకులో ఒక్క షేరైనను ఇయ్యలేదు. ఆస్తులు అమ్మగా అప్పులు పోను ఏమైన మిగిలిన చూతమనిరి. 2020 నవంబరులో కరూరు లక్ష్మీవిలాస్ బ్యాంకు డీబీఎస్ బ్యాంకులో కలిసినపుడును ఇంతే. కొత్తవారు 2,500 కోట్లు తెచ్చిరి, పాత షేర్లు పూర్తిగా కొట్టివేయబడెను. పాలు పలుచబడుటకు చివరి మెట్టు ఇది. సున్న.

ఈ ప్రాంతపు పల్లెలకు నగరపు బ్యాంకులకంటె గ్రామీణ బ్యాంకుతోను సహకార సంఘముతోను పరిచయ మెక్కువ గావున వాని సంగతియు తడవవలెను. ఖమ్మము కేంద్రముగా 1976లో ఏర్పడిన నాగార్జున గ్రామీణ బ్యాంకు ఖమ్మము, నల్లగొండ జిల్లాల రైతులకు అప్పులిచ్చెను. 2006లో అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసెను. దాని తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుండి తెలంగాణ గ్రామీణ బ్యాంకువి. గ్రామీణ బ్యాంకులలో కేంద్రమునకు 50, రాష్ట్రమునకు 15, పోషక బ్యాంకునకు 35 పాళ్లు. 1994–95 నుండి నష్టములలో నున్న గ్రామీణ బ్యాంకులకు మూలధనము మరల పోసినపుడు ఈ ముగ్గురును ఆ నిష్పత్తిలోనే పెట్టవలెనని ఏర్పాటు. అందువలన ఎవరి పాలును పలుచబడలేదు. తలకు మూడేసి వాటాలు పంచుకొన్న బియ్యపు మిల్లు లెక్కయే ఇది. ముగ్గురి యొద్దను సొమ్మున్నది గావున చెల్లినది. సహకార సంఘములో సంగతి వేరు. అక్కడ వాటా విలువ ఏనాడును ముఖవిలువయే, ఎన్ని వాటాలున్నను మనిషికి ఒక్కటే ఓటు. కొత్త సభ్యులు వేయిమంది చేరినను పాత సభ్యుని మాట పలుచబడునే గాని, వాటా ధర తరుగదు. సంఘము మునిగిన మాత్రము ఆ వాటాయు మునుగును.

హక్కు షేర్లు మందని పైన చెప్పబడినది. ఆ మందును కన్ను మూసికొని మ్రింగరాదు. 2008 ఏప్రిలులో బ్రిటను దేశమున రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండు తన వాటాదారులనే అడిగి, షేరు 200 పెన్నీల చొప్పున 1,200 కోట్ల పౌనులు పోగుచేసెను. పాలు కాపాడుకొనవలెనని వారు కట్టిరి. ఆరు నెలలు గడువక ముందే అక్టోబరులో ప్రభుత్వము చేయి అందింపవలసి వచ్చెను. తుదకు ప్రభుత్వ భాగము 80 శాతము మించెను. ఏప్రిలులో పెట్టిన కొత్త సొమ్మును పాత సొమ్ము వెంబడి పోయినది. మిల్లు లెక్కలో హక్కు వాటాలు పాతవానిని కాపాడినది నష్టము 6 లక్షలే యన్నది నిజమగుట చేతనే. ఆ అంకె అబద్ధమైనచో పెట్టిన 60 వేలును పోవును.

కావున బ్యాంకు హక్కు షేర్ల పత్రము ఇంటికి వచ్చినపుడు ధర ఎంత చవుకయని చూచుట కాదు మొదటి పని. మొండి బాకీలు ఎంత, వానిలో ఎంతకు నష్టము ఇప్పటికే లెక్క కట్టిరి, ఈ సొమ్ముతో బ్యాంకు లేచి నిలుచునా, మరు సంవత్సరము మరల చేయి చాచునా అనునవి చూడవలెను. ఇవి వార్షిక నివేదికలలో ఉండును, గ్రంథాలయమునకు వచ్చు పత్రికలలోను కొంత దొరకును. కట్టుటకు సొమ్ము లేనివాడు ఆ పత్రమును చించి పారవేయరాదు. విపణిలో షేరు ధరకంటె హక్కు ధర తక్కువగా నున్నపుడు ఆ హక్కునకే వెల కలదు, గడువులోగా ఇతరులకు అమ్ముకొనవచ్చును. గడువు దాటిన అది ఉత్త కాగితము. పలుచబడిన పాలునకు దక్కు పరిహారము ఆ పేద వాటాదారునికి అదొక్కటే.

ఆంధ్రా బ్యాంకు పాత షేరు పత్రములు ఇనుప పెట్టెలలో మిగిలినవారు ఇంకను ఈ పల్లెలలో ఉందురు. తండ్రి పేరనున్నవి, తల్లి పేరనున్నవి. ఆంధ్రా బ్యాంకు పేరు పోయినను ఆ పత్రములు వ్యర్థములు కావు, వేయికి మున్నూట ఇరువదియైదు లెక్కన యూనియన్ బ్యాంకులో హక్కు నిలిచియున్నది. ఏడేండ్లు ఎవరును అడుగని లాభాంశము మదుపరుల రక్షణ నిధికి చేరును, అచటినుండియు దరఖాస్తు చేసి తెచ్చుకొనవచ్చును. 2019 ఏప్రిలు నుండి కాగితపు షేర్లను ఇతరులకు బదిలీ చేయుట నిలిపివేసిరి గావున ముందుగా డీమ్యాట్ ఖాతా తెరువవలెను. వారసులు మరణ ధ్రువపత్రము, వారసత్వ ధ్రువపత్రములతో యూనియన్ బ్యాంకు షేర్ల రిజిస్ట్రారునకు వ్రాయవలెను. ఇంగ్లీషులో ఉత్తరము వ్రాయుట రానివారు సాయంకాలము అయిదు గంటల తరువాత పత్రములు తీసికొని గ్రంథాలయమునకు వచ్చిన, చదివి చెప్పి, వ్రాసి పెట్టుటకు పఠన మందిరమున ఎవరో ఒకరు ఉందురు.